పొడుగు కిలోమీటరు

ఆ సోమవారం చేయవలసిన పనులు ఇవి.

ఒకటి: 613వ రాయి నుంచి 614వ రాయి దాకా టేపుతో కొలవడం.
రెండు: కొలిచేటప్పుడు వెనకనుంచి బండ్లు మీదికి రాకుండా గస్తీ వాళ్లకు ముందే చెప్పి ఎర్ర కోన్లు పెట్టించడం.
మూడు: కొలత కాగితం మీద ఇంజనీరు గారి సంతకం తీసుకోవడం. మధ్యాహ్నం దాటితే ఆయన దొరకరు కాబట్టి పదకొండు లోపు.
నాలుగు: పట్టికలో తప్పు నాదేనని ఆయనకు నా నోటితో నేనే చెప్పడం.
ఐదు: సవరణ కోరుతూ కేంద్ర కార్యాలయానికి ఉత్తరం.
ఆరు: కొత్త అండర్‌పాసుల జాబితా ఈ నెల ముప్పయ్యో తారీకున మూసేస్తారు. ఆలోపు మా పేట పేరు అందులో ఎక్కించడం.

నాలుగోది రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

మా రోడ్డు తొమ్మిది రాష్ట్రాల గుండా పోతుంది. ఒక చివర సముద్రం, ఇంకో చివర మంచు పడే కొండలు. మొత్తం రెండువేల ఐదువందల నలభై కిలోమీటర్లు. ఒకప్పుడు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం పొలిమేర దగ్గర ఒకటో రాయి పాతుకుని లెక్క మొదలుపెట్టేది. నాలుగేళ్ల క్రితం అన్నిటినీ కలిపి ఒకే రోడ్డు, ఒకే పేరు, ఒకే లెక్క అన్నారు. సముద్రం దగ్గర సున్నా. అలా మా దగ్గరి 88వ రాయి 613 అయింది.

ఆ రోడ్డులో మా ముక్క రెండువందల పన్నెండు కిలోమీటర్లు. దాని సైటాఫీసులో నేను పట్టికల సహాయకురాలిని. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేనే. నాన్న అదే రోడ్డు మీద గ్యాంగు కూలీ. ముప్పై నాలుగేళ్లుగా గుంటలు పూడుస్తాడు, కాలవలు తీస్తాడు, రాళ్లకు సున్నం వేస్తాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున, ఒకే రోడ్డు మీద ఒకరు ఎండలో ఒకరు ఫ్యాను కింద అని నవ్వాడు.

నా పని ఏమిటంటే, రోడ్డు పక్కన ఉన్న ప్రతిదాన్నీ కంప్యూటరు పట్టికలోకి ఎక్కించడం. కల్వర్టు, బస్టాపు, మలుపు, అండర్‌పాసు, ఏదైనా సరే, ఏ రాయి దాటాక ఎన్ని మీటర్లకు ఉందో రాయాలి. అందుకు ఒక కొలత చక్రం ఇచ్చారు. రాయి దగ్గర సున్నా చేసి తోసుకుంటూ పోతే మీటర్లు చూపిస్తుంది. కావలసిన చోటు రాగానే అంకె రాసుకుని, చక్రాన్ని జీపులో వేసుకుని తర్వాతి రాయి దగ్గర దిగడమే. రాయికీ రాయికీ మధ్య పూర్తిగా ఎవరూ కొలవరు. అది కిలోమీటరు కాబట్టే కదా అక్కడ రాయి ఉంది. నేనూ అలాగే అనుకున్నాను.

మా పేట సందు 613వ రాయి దాటాక ఆరువందల మీటర్లకు రోడ్డులో కలుస్తుంది. మాకు దగ్గరి అండర్‌పాసు 614వ రాయిని ఆనుకునే ఉంది. ఈ రెండూ రాస్తే తీసివేత పట్టికే చేసుకుంటుంది. నాలుగువందల మీటర్లు. వెయ్యి మీటర్ల లోపు అండర్‌పాసు ఉన్న చోట ఇంకొకటి కట్టరాదని నియమం. అంచేత కొత్త జాబితా ముసాయిదా అచ్చయి వచ్చినప్పుడు అందులో మా పేట లేదు.

ఆ సంగతి మొదట అడిగింది మా అత్త. నాన్నకు చెల్లెలు. రోడ్డుకు అవతల, సరిగ్గా మా సందుకు ఎదురుగా ఉన్న అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. మా పేటలో సగం మంది ఆడవాళ్లు అందులోనే. ఆరు వరసల రోడ్డు, మధ్యలో ఇనుప రెయిలింగు, ఆ రెయిలింగులో ఎవరో ఎప్పుడో వంచిన ఒక సందు. పొద్దున ఆరున్నరకు అందరూ గుంపుగా నిలబడతారు. అత్త ముందు నిలబడి, బండ్ల మధ్య ఖాళీ చూసి, ఊఁ అంటే అందరూ పరుగు. వెనకబడ్డవాళ్లను పేరుపేరునా తిడుతుంది. అందుకే ఆమెకు కండక్టరత్త అని పేరు పడింది. అది అన్నవాళ్లను కూడా తిడుతుంది గానీ, లోపల ఇష్టమే.

ఆ సాయంత్రం ఆమె జాబితా కాగితం నా ముందు పెట్టి, అందులో మన పేట ఏదని అడిగింది. నేను నియమం వివరించాను. నాలుగువందల మీటర్లలోనే ఒకటి ఉంది కాబట్టి ఇవ్వరని ఓపికగా, అర్థమయ్యేట్టు చెప్పాను. అలా ఓపికగా చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"నాలుగొందల మీటర్లా? సరే పద, చదువులమ్మా. నేను నడుస్తా, నువ్వు లెక్కపెట్టు" అంది అత్త.

రోడ్డు అంచున నడిచాం. నేను అడుగులు లెక్కపెట్టాను. నాలుగువందల మీటర్లు అయ్యాయని తోచిన చోట ఆగాను. ఎదురుగా గుట్ట చుట్టూ వంపు తిరుగుతూ రోడ్డు. రాయి లేదు, అండర్‌పాసు లేదు. లారీలు ఒక్కొక్కటీ మమ్మల్ని ఊపేస్తూ పోతున్నాయి.

అత్త రోడ్డు అంచు గోడ మీద కూర్చుని చెప్పు విప్పి ఇసుక దులుపుకుంది.

"వచ్చేశామా? ఏదీ మరి, దిగుదామా కిందికి?"

లెక్క తప్పిందేమో అనుకున్నాను. మళ్లీ నడిచాం. 614వ రాయి దగ్గరికి చేరేసరికి మొత్తం ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అండర్‌పాసులో దిగి అవతల ఎక్కి, ఫ్యాక్టరీ దాకా మళ్లీ అంతే దూరం వెనక్కి రావాలి. నేరుగా దాటితే అరవై మీటర్లు.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన కాళ్లు కడుక్కుంటున్నాడు. తలెత్తకుండానే, "అది పొడుగు కిలోమీటరు కదమ్మా" అన్నాడు.

ఆయన గ్యాంగులో చేరిన ఏడాది అక్కడ వాగు మీది వంతెన వరదకు కూలిందట. తిరిగి అదే చోట కట్టడం మానేసి, రోడ్డును గుట్ట చుట్టూ తిప్పి కొత్త వంతెనకు కలిపారు. దారి పెరిగింది. పెరిగిన దూరానికి కొత్త రాళ్లు వేస్తే అక్కడినుంచి రాష్ట్రం చివరిదాకా ప్రతి రాయి మీదా అంకె మార్చాలి. అంత పని ఎవరు పెట్టుకుంటారు? రాళ్లు ఉన్నచోటే ఉంచేశారు. ఒక్క కిలోమీటరు మాత్రం సాగింది. గ్యాంగులో అందరికీ తెలుసు. పని పంచుకునేటప్పుడు ఆ కిలోమీటరు ఎవరి వంతుకు వస్తే వాళ్లు ఆ నెలంతా గొణుక్కునేవాళ్లట. నాలుగేళ్ల క్రితం కొత్త అంకెలు వచ్చినప్పుడు, పాత రాయి పీకి ఆ గుంటలోనే కొత్తది పాతమన్నారు. పాతారు.

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా? చక్రం పట్టుకుని నీ ముందునుంచే కదా పోయాను."

"నువ్వు అడగలేదు కదా తల్లీ. చదువుకున్నవాళ్ల పద్ధతి వేరేగా ఉంటుందేమో అనుకున్నాను."

అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. అలాంటి పద్ధతి ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

సోమవారం ఇద్దరం కలిసి కొలిచాం. టేపు ఒక కొస నాన్న, ఇంకో కొస నేను. ముప్పై మీటర్ల టేపును డెబ్బై ఎనిమిది సార్లు పరిచాం, చివర పది మీటర్లు మిగిలింది. మొత్తం రెండువేల మూడువందల యాభై మీటర్లు. పేట నుంచి అండర్‌పాసుకు నాలుగువందలు కాదు, పదిహేడువందల యాభై. నియమం ప్రకారమే మాకు అండర్‌పాసు రావాలి. ఎవరి దయా అక్కర్లేదు. ఒక అంకె సరిచేస్తే చాలు. అంత తేలిక అనుకున్నాను.

ఇంజనీరు గారు చెడ్డ మనిషి కాదు. నేను తప్పు ఒప్పుకుంటే, "తప్పు నీది కాదమ్మా, రాయిది" అన్నారు. కొలత కాగితం మీద సంతకం కూడా పెట్టారు. ఆ తర్వాత తల గోక్కున్నారు. ఆ కిలోమీటరును సరిచేస్తే 614వ రాయి 615 కావాలి, పైగా మూడువందల యాభై మీటర్లు వెనక్కి జరగాలి. అలా ఇక్కడినుంచి మంచు కొండల దాకా ప్రతి రాయీ జరగాలి.

"పంతొమ్మిదివందల ఇరవై ఆరు కిలోమీటర్లు కదపాలి నువ్వు. దారిలో టోల్‌గేట్లున్నాయి, వంతెనలున్నాయి, కోర్టుల్లో భూముల కేసులున్నాయి, పోలీసు కాగితాలున్నాయి. అన్నిట్లోనూ రాయి నంబరే. మన పేట కోసం ఆరు రాష్ట్రాలు జరుగుతాయా, చెప్పు."

నేను ఫోనులో పటం తెరిచి చూపించాను. అందులో దూరం సరిగ్గానే ఉంది. ఆయన చూసి, బాగుంది అని, ఫోను తిరిగి నా చేతిలో పెట్టారు. ఫోను మన రికార్డు కాదన్నారు.

మర్నాడు నాకొక ఉపాయం తట్టింది. ఎవరినీ కదపనక్కర్లేదు. 613 తర్వాత 613-ఎ అని ఒక రాయి, 613-బి అని ఒక రాయి వేస్తే, 614 ఉన్నచోటే ఉంటుంది. ఇంజనీరు గారి మొహం వెలిగింది. ఇంత చిన్న విషయం ఎవరికీ తోచలేదే అని ఆయనే ఉత్తరం దిద్ది పంపించారు. ఆ రోజు ఇంటికి వెళ్లి అత్తకు చెప్పాను. ఆమె నా బుగ్గ గిల్లి, కట్టేటప్పుడు మెట్లు చిన్నవి వేయించమని, మోకాళ్లు నొప్పులని చెప్పింది.

ఆరు రోజుల తర్వాత జవాబు వచ్చింది. పట్టికలో రాయి నంబరు గడి అంకెలనే తీసుకుంటుంది, అక్షరాలు పట్టవు. నేను కేంద్ర కార్యాలయానికి ఫోన్ చేశాను. అవతల పట్టికలు చూసే ఆవిడ ఏడో రాష్ట్రం మనిషి. నా మాట ఆమెకు రాదు, ఆమె మాట నాకు రాదు. ఇద్దరికీ సగం సగం వచ్చిన ఆఫీసు భాషలో మాట్లాడుకున్నాం. అక్షరం పట్టకపోతే పోనీ, 613 దాటాక రెండువేల మూడువందల యాభై మీటర్లు అని రాయనివ్వండి అన్నాను. మీటర్ల గడిలో మూడంకెలే పడతాయంది. తొమ్మిదివందల తొంభై తొమ్మిది దాటితే కిలోమీటరు అయిపోతుంది కదా, ఇంకెందుకు అంది. ఆమె అన్నది నిజమే. మా కిలోమీటరు తప్ప ఏ కిలోమీటరైనా అంతే.

గడి మార్చాలంటే ఏం చేయాలని అడిగాను. తొమ్మిది రాష్ట్రాల సభ్యుల కమిటీ ఒప్పుకోవాలి. మూడు నెలలకోసారి కూర్చుంటుంది. పోయినసారి నలుగురు రాలేదు, అందుకని ఏ తీర్మానమూ కాలేదు. వచ్చేసారి ఎప్పుడన్నాను. జాబితా మూసిన తర్వాత అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు కూడా తగ్గింది.

తొమ్మిది మందికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను. కొలత కాగితం జతచేశాను. ఇద్దరు జవాబిచ్చారు. ఒకాయన, తమ రాష్ట్రం 902వ రాయి దగ్గర మొదలవుతుందనీ, దాన్ని ఎవరైనా ముట్టుకుంటే నలభై ఒక్క కేసులు తిరగబడతాయనీ హెచ్చరించాడు. నేను ముట్టుకోనని మొదటి వాక్యంలోనే రాశాను. ఇంకొకాయన రోడ్డు భద్రత మీద నా శ్రద్ధను మెచ్చుకుంటూ ఒక క్యాలెండరు పంపాడు. దాన్ని చించలేక, గోడకు తగిలించలేక బీరువా వెనక్కి తోశాను.

ఇరవై తొమ్మిదో తారీకున ఇంజనీరు గారి బల్ల ముందు నిలబడి, మీ బాధ్యత మీద పేట పేరు జాబితాలో ఎక్కించి, దూరం గడి ఖాళీగా వదిలేయండి అని బతిమాలాను. గడి ఖాళీగా ఉంటే జాబితా పైకి పోదు. అది నాకు తెలుసు, ఆయనకు తెలుసు. అయినా నా కోసం ఒకసారి కంప్యూటర్లో పంపే మీట నొక్కి చూశారు. ఖాళీ గడి ఎర్రగా మెరిసి ఆగిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియక నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

ముప్పయ్యో తారీకున జాబితా మూశారు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక పొద్దున మా సందు మొదట్లో క్రేను బండి ఆగింది. నలుగురు మనుషులు గుంట తవ్వి, కాంక్రీటు పోసి, పెద్ద నీలం బోర్డు నిలబెట్టారు. పాదచారుల అండర్‌పాసు, 400 మీ., కింద బాణం గుర్తు. నా ఉత్తరాలన్నీ ఫిర్యాదుగా నమోదయ్యాయట. మా పేటవాళ్లకు అండర్‌పాసు ఎక్కడుందో తెలియకపోవడమే సమస్య అని తేల్చారు. చర్య తీసుకోవడమైనది అని మధ్యాహ్నం నాకు కాగితం వచ్చింది. నేను రాసిన నాలుగువందలు నాకే, అడుగు ఎత్తు అంకెల్లో, చీకట్లో కూడా మెరిసే రంగుతో తిరిగి వచ్చింది.

ముందు లేని చిక్కు ఒకటి ఆ బోర్డుతో వచ్చింది. ఇదివరకు గస్తీ వాళ్లు చూసీ చూడనట్టు పోయేవాళ్లు. ఇప్పుడు దారి చూపించాక కూడా అడ్డంగా దాటితే తప్పు దాటేవాళ్లదే. మర్నాటి పొద్దున గస్తీ బండి ఆపి, అందులో ఉన్న మనిషి అత్తను నిలదీశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఎదురుగా అంత బోర్డు పెట్టారు కదమ్మా. చదువు రాదా?"

"చదివాకే చెబుతున్నా నాయనా. నువ్వు బండి ఇక్కడ పెట్టి, ఆ నాలుగొందల మీటర్లు నడిచి రా. వచ్చేదాకా మేం కదలం."

ఆడవాళ్లు నవ్వారు. అతనికి కోపం వచ్చి, ఈసారి కేసు రాస్తానని పోయాడు. ఆ అంకె వేసిన పిల్ల పక్కనే నిలబడి ఉందని అత్త అనవచ్చు. అనలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అనలేదు. పేటలో ఎవరైనా నా ఎదుట బోర్డును తిడితే మాట మార్చేస్తుంది.

కేసు భయానికి అందరూ గుంపుగా దాటడం మానేశారు. గస్తీ బండి లేనప్పుడు ఒకరొకరుగా, ఎవరి తొందరలో వాళ్లు పరుగెత్తడం మొదలుపెట్టారు. పన్నెండో రోజున, అత్త పక్క బల్ల మీద పెట్టెలకు టేపు వేసే అమ్మాయిని వ్యాను కొట్టింది. ప్రాణం పోలేదు. తుంటి విరిగింది. ఇక నిలబడి చేసే పని చేయలేదని డాక్టరు చెప్పాడు. పోలీసు కాగితంలో, అండర్‌పాసు నాలుగువందల మీటర్ల దూరంలో ఉన్నప్పటికీ అని మొదలుపెట్టి రాశారు.

ఆ కాగితం నేను చదివి వినిపించాను. అత్త చివరిదాకా విని, లేచి వెళ్లి, పాత ఎర్ర దుప్పటి చించి కర్రకు కట్టింది.

మరుసటి పొద్దున నుంచి ఆమె రెయిలింగు సందు దగ్గర నిలబడుతోంది. ఎర్రగుడ్డ ఎత్తి, రెండో చెయ్యి చాచి, మూడు వరసల లారీలను ఆపుతుంది. అందరూ దాటాక ఇటు తిరిగి అవతలి మూడు వరసలు. సాయంత్రం ఐదుకు మళ్లీ అదే. అందరినీ దాటించి చివరన వెళుతుంది కాబట్టి రోజూ పని దగ్గర పది నిమిషాలు ఆలస్యం. సూపర్‌వైజరు ఆమెను ప్యాకింగు నుంచి తీసి, జిగురు కలిపే మూలలో వేశాడు. గస్తీ వాళ్లు ఎర్రగుడ్డ రెండుసార్లు గుంజుకుపోయారు. దుప్పటి పెద్దదే, ఇంకా ఉంది అంటుంది.

బ్రేకు వేయలేకపోయిన టిప్పరు ఒకటి మొన్న ఆమెకు జానెడు దూరంలో ఆగింది. అది నేను కళ్లారా చూశాను. డ్రైవరు దిగి బూతులు తిట్టాడు. తిడుతూ తిడుతూ ఏడ్చేశాడు. అత్త అతనికి తన సీసాలోంచి నీళ్లిచ్చి, నెమ్మదిగా వెళ్లమని చెప్పి పంపింది. అప్పటిదాకా ఓపిక పట్టిన నాన్న, ఆ సాయంత్రం చెల్లెల్ని కసిరాడు. ముప్పై నాలుగేళ్లలో రోడ్డు మీద బండ్లు గుద్దినవాళ్లను ఎంతమందిని ఎత్తాడో చెప్పాడు. ఆమె వింటూ బట్టలు మడత పెట్టింది.

రేపటి నుంచి ఆ గుడ్డ నేను పట్టుకుంటానన్నాను. తప్పు నాది కాబట్టి నిలబడవలసింది నేనే అన్నాను.

"నీ తప్పేంటే? రాయి చూసి రాశావు, అంతేగా. నువ్వు ఆ ఆఫీసు వదలకు. మీ నాన్నకు అన్నీ తెలుసు, కానీ వెళ్లి చెబితే కుర్చీ వేస్తారా? నీకు వేస్తారు. కూర్చో, రాస్తూ ఉండు. ఇక్కడ నిలబడటం నాకొచ్చు."

కమిటీ చివరికి కూర్చుంది. మా సంగతి చర్చకు వచ్చిందట. రోడ్డు మొత్తాన్నీ మళ్లీ కొలిచినప్పుడు పరిశీలించాలని రాసుకున్నారు. ఎప్పుడు కొలుస్తారని అడిగితే తారీకు లేదన్నారు. నేను ప్రతి నెలా ఒకటో తారీకున ఉత్తరం రాస్తున్నాను. ఏడో రాష్ట్రపు ఆవిడ, తన చేతుల్లో ఉన్నది అంతే అని, అందిన ప్రతి ఉత్తరానికీ నంబరు వేసి పంపుతోంది. పద్నాలుగు అయ్యాయి. బోర్డు తీయమని కూడా రాశాను. పట్టికలో ఉన్న దూరానికి బోర్డు సరిపోయే ఉందని జవాబు.

ఇదంతా కథగా రాయడం ఎందుకంటే, ఇంక ఎవరికి రాయాలో నాకు తెలియడం లేదు. ఆ రోడ్డు మీద తొమ్మిది రాష్ట్రాల బండ్లు తిరుగుతాయి. చదివేవాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అటు పోకపోరు. 613 దాటాక 614 ఎంతకీ రాదు. గుట్ట వంపు తిరుగుతుంటే రాయి ఏదని మీకే అనుమానం వస్తుంది. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఐదు. ఆ వేళకు అటు వెళితే కాలు కాస్త బ్రేకు మీదికి తెచ్చుకోండి. రోడ్డు మధ్యలో, జిగురు ఆరిపోయిన చేతులతో ఒకావిడ నిలబడి ఉంటుంది. మా పట్టికలో ఆమెకు గడి లేదు. మీరైనా ఆమెను గుర్తుపెట్టుకోండి.